తీగ మీది పొర

నాకు కోపం ఎక్కువ. నా దగ్గర చదువుకున్న పిల్లల్ని ఎవరిని అడిగినా ముందు ఈ మాటే చెబుతారు, ఆ తర్వాతే పాఠం బాగా చెబుతుందంటారు. చాక్‌పీసు విసిరిన రోజులున్నాయి. దొంగ రీడింగులు రాసుకొచ్చిన ప్రాక్టికల్ రికార్డును వాళ్ల ముందే చించిన రోజులూ ఉన్నాయి. ప్రశ్న అడిగిన పిల్లను మాత్రం ఎన్నడూ కూర్చోమనలేదు. నన్ను అట్లా కూర్చోబెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన మీది కోపాన్ని, ఇంకో ఇద్దరి మీది కోపాన్ని నేను దాదాపు పదేళ్లు పాలు పోసి పెంచాను.

1969లో తెలంగాణ ఉద్యమం వల్ల బడులు నెలల తరబడి తెరవలేదు. నాకప్పుడు పదకొండేళ్లు. ఇంట్లో ఉండి అమ్మను సతాయిస్తున్నానని నాయన నన్ను తన వెంట పనికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. మాది తాండూరు. నాయన వైర్‌మన్. కందిపప్పు మిల్లుల్లో, బండలు కోసే షెడ్లలో, అప్పుడప్పుడే కరెంటు పెట్టించుకుంటున్న ఇళ్లలో తీగలు లాగేవాడు. సర్కారు ఇచ్చిన పర్మిట్ పుస్తకం ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది. వానకు తడవకుండా దానికి ప్లాస్టిక్ కాగితం చుట్టి దారం కట్టేవాడు. మా ఇంట్లో అంత భద్రంగా చూసుకున్న వస్తువు ఇంకోటి లేదు. ఆ పుస్తకం ఉంటేనే ఆయన వైర్‌మన్, లేకపోతే కూలి మనిషి.

నేను పనిముట్ల సంచీ మోసేదాన్ని. అప్పటికి రాగి తీగ పోయి అంతటా అల్యూమినియం తీగే వచ్చింది. రెండు తీగలను కలపడానికి నాయనకు ఒక పద్ధతి ఉండేది. చాకుతో తీగ కొసను తళతళలాడేదాకా గీకేవాడు. ఆయన గీకుతుండగానే నేను వాజెలిన్ డబ్బా మూత తీసి పట్టుకుని సిద్ధంగా ఉండాలి. గీకడం అయిందో లేదో వేలితో వాజెలిన్ పూసి, రెండు కొసలనూ జోడించి, ప్లయరుతో గట్టిగా మెలిపెట్టేవాడు. ఆ కాసేపు తాను మాట్లాడేవాడు కాదు, నన్నూ మాట్లాడనిచ్చేవాడు కాదు.

“ఊపిరి వట్టు,” అనేవాడు. “గీకినంక గాలి తగలొద్దు. నీ ఊపిరి గూడ తగలొద్దు.”

“ఎందుకు నాయినా?”

“ఎందుకో నాకు తెల్వది. నాకు పని నేర్పినాయిన గట్ల చెప్పిండు. నేను గట్లనె చేస్త.”

నేను బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబట్టేదాన్ని. నా మొహం చూసి మిల్లులో పనిచేసే కన్నడం వాళ్లు నవ్వేవారు. జాయింటు మీద టేపు చుట్టాక నాయన పని అయిపోయిందనుకునేవాడు కాదు. వారం తర్వాత మళ్లీ పోయి, టేపు మీద చేతి వెనక భాగం ఆనించి చూసేవాడు. చల్లగా ఉంటే జాయింటు బాగున్నట్టు. ఆయన చేసినవి చల్లగానే ఉండేవి.

బడులు తెరిచారు. నేను చదువులో గట్టిదాన్నని తేలింది. ఇంటర్‌కు నాకు వికారాబాదులో సీటు దొరికింది. పొద్దున ప్యాసింజరు ఎక్కి పోయి సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. ధారూరు దాటేదాకా నిలబడి, ఆ తర్వాత చోటు దొరికితే కూర్చుని, పుస్తకం తెరిచేదాన్ని. నాయన చెప్పలేకపోయిన ఎందుకులన్నీ ఆ పుస్తకంలో ఉంటాయని నా గట్టి నమ్మకం.

మా ఫిజిక్స్ లెక్చరరు గైడు చూసి బోర్డు మీద రాయించేవాడు. ఒకరోజు లోహాలు కరెంటును పోనిస్తాయి, లోహాల ఆక్సైడ్లు పోనివ్వవు అని రాశాడు. నేను లేచాను.

“సార్, అల్యూమినియం మీద ఎప్పుడు ఆక్సైడ్ పొర ఉంటదని కెమిస్ట్రీల చెప్పిన్రు. ఆక్సైడ్ కరెంటును ఆపుతదని మీరంటున్నరు. మరి రెండు అల్యూమినియం తీగలు మెలివెడితె బల్బెట్ల వెలుగుతది సార్?”

ఆయన చేతిలోని గైడు మూశాడు. “గీకుతారు కదా. గీకితే పొర పోతుంది.”

“గీకినంక మల్ల ఎంతసేపట్ల వస్తది సార్?”

“అమ్మాయీ, నువ్వు ఫిజిక్స్ చదవడానికి వచ్చావా, కరెంటు పని నేర్చుకోవడానికి వచ్చావా? మీ నాన్న ఏం చేస్తాడు?”

“వైర్‌మన్ సార్.”

“అట్లా చెప్పు మరి. ఇంటికి పోయి ఆయన్నే అడుగు. ఇది సిలబస్‌లో లేదు. కూర్చో.”

క్లాసంతా నవ్వింది. వాళ్లు నా ప్రశ్నకు నవ్వి ఉంటే ఊరుకునేదాన్నేమో. మా నాయన పనికి నవ్వారు. ఒళ్లు మండిపోయింది. సాయంత్రం బండిలో తాండూరు వచ్చేదాకా పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను. అయినా ఒక్క ముక్క దొరికిందనుకున్నాను. గీకితే పొర పోతుంది. పొర పోవడమే అసలు సంగతి, మిగతా ఊపిరి పట్టడం, వాజెలిన్ పూయడం అన్నీ పాతకాలం మనుషుల చాదస్తం. నాయనకు తెలియని ఎందుకు నాకు తెలిసిపోయిందని లోపల్లోపల గర్వం కూడా.

ఆ వానాకాలంలోనే నాయనకు ఒక పప్పు మిల్లులో కొత్త లైను పని వచ్చింది. సోమవారం మొదలుపెట్టాలి. తీగలు కొలతకు కోసి ఇంట్లో పెట్టి, ఆదివారం ఎవరిదో మోటారు స్టార్టరు చూడమంటే మర్పల్లి పోయాడు. మధ్యాహ్నం సన్నగా తుంపర పడుతోంది. నాకు ఏదైనా సాయం చేయాలనిపించింది. చాకు తీసుకుని గడపలో కూర్చుని తీగ కొసలన్నీ గీకాను. మొత్తం పన్నెండు. ఎడమచేతి చూపుడువేలు కోసుకుంది కూడా. అమ్మ, “నాయినకు చెప్పకుంట ముట్టకు,” అంది. “నాకు తెలుసమ్మా,” అన్నాను. గీకిన కొసలను వరసగా సంచీ మీద పరిచాను. వెండి తీగల్లా మెరుస్తున్నాయి.

పొద్దున నాయన వాటిని చూశాడు. “నువ్వు గీకినవా?” అన్నాడు.

“ఔ నాయినా. నీకు సగం పని తప్పింది.”

ఆయన ఒక్కో కొసనూ ఎత్తి చూశాడు. గుడ్డపీలిక చుట్టుకున్న నా వేలునూ చూశాడు. “మస్తు సాఫ్ గీకినవ్ బిడ్డా,” అని తీగలను సైకిలుకు కట్టుకుని పోయాడు. నేను బండికి టైమవుతోందని స్టేషనుకు పరుగెత్తాను. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

కంది సీజను వచ్చింది. మిల్లు తెరిపి లేకుండా తిరగడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఆ కొత్త లైనులో ఒక జాయింటు ఎర్రగా కాలి, నిప్పురవ్వలు కింద పేర్చిన గోనెసంచుల మీద పడ్డాయి. షెడ్డు సగం కాలిపోయింది. సంచులు లాగబోయిన హమాలీకి మోచేతి దాకా బొబ్బలెక్కాయి. అతను దవాఖానలో ఉన్నన్నాళ్లూ నాయన పొద్దునే అమ్మతో జొన్నరొట్టెలు చేయించుకుని పట్టుకుపోయేవాడు.

కొన్నాళ్లకు కరెంటు శాఖ నుంచి ఎంక్వయిరీకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నేను కాలేజీ ఎగ్గొట్టి మిల్లుకు పోయాను. ఇన్‌స్పెక్టరు కుర్చీలో, మిల్లు యజమాని సేటు పక్క కుర్చీలో. మా నాయన ఎండలో నిలబడి ఉన్నాడు. కాలిన షెడ్డు గోడ ఆయన వెనకే ఉంది. చూడగానే నాకు ఎవరినైనా కొట్టాలనిపించింది.

“లైను ఇచ్చిన తర్వాత చూసుకున్నావా?” అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“చూసిన సార్. సీజను మొదలైనంక ఒక జాయింటు గోరువెచ్చగ తగిలింది. ఒక్క పూట లైను బందు చేస్తె మల్ల చేస్తనని సేటుకు చెప్పిన.”

“ఎన్నడు చెప్పినవయ్యా?” అన్నాడు సేటు. “నాకైతె యాదికి లేదు. సీజన్ల మిల్లు బందు వెట్టుమని ఎవడన్న అడుగుతడా?”

అడిగాడు. ఆ రోజు అన్నం తింటూ, సేటు లైను ఆపనంటున్నాడని నాయన అమ్మతో చెబుతుంటే నేను విన్నాను. చూస్తూ చూస్తూ అబద్ధం ఆడుతున్న ఆ సేటు నోట్లో వక్కపొడి అట్లాగే నలుగుతోంది.

ఇన్‌స్పెక్టరు కాలిన తీగ ముక్కను కాగితం మీద పెట్టుకుని చూశాడు. “తీగలు గీకావా?”

నాయన చూపు ఒక్కసారి నా మీదికి వచ్చి మళ్లీ నేల మీదికి పోయింది. “గీకినయే సార్,” అన్నాడు.

“వాజెలిన్?”

“పూసిన సార్.”

“అల్యూమినియం మీద పొర ఉంటుంది. అది కరెంటును పోనివ్వదు. నువ్వు గీకినా మళ్లీ వస్తుంది. అయినా జాయింటులో కరెంటు పోతుంది. ఎట్లా పోతుంది, చెప్పు.”

అదే ప్రశ్న. నేను క్లాసులో లేచి అడిగిన ప్రశ్నే. నాయన తల ఎత్తి, “తెల్వది సార్,” అన్నాడు.

“తెలియకుండానే ఇన్నేళ్లూ చేశావన్నమాట.”

“ఔ సార్.”

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. రాసుకుంటూనే పైకి చదివాడు. పనివాడికి సిద్ధాంతం తెలియదు, నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది. పర్మిట్ ఇమ్మన్నాడు. నాయన జేబులోంచి పుస్తకం తీసి, దారం ముడి విప్పబోయాడు. ముడి రాలేదు. ఇన్‌స్పెక్టరు ప్లాస్టిక్ కాగితంతో సహా లాక్కుని సంచీలో వేసుకున్నాడు. తర్వాత రద్దయిందని కాగితం వచ్చింది.

నేను అక్కడ నోరు తెరవలేదు. తెరిచి ఏం చెప్పాలి? ఎట్లా పోతుందో నాకూ తెలియదు. తెలుసుకుందామని అడిగితే నన్ను కూర్చోబెట్టారు. ఆ లెక్చరరు ఆ రోజు జవాబు చెప్పి ఉంటే ఈ రోజు మిల్లులో మా నాయన పక్కన నిలబడి నేను చెప్పేదాన్ని కదా అనుకున్నాను. దుఃఖం రాలేదు నాకు. కోపం వచ్చింది. లెక్చరరు, సేటు, ఇన్‌స్పెక్టరు. ఆ ముగ్గురినీ ఆ రోజు నుంచి నా వెంట తిప్పుకున్నాను.

నాయన కరణ్‌కోట వైపు బండల గనుల్లో పనికి కుదిరాడు. పొద్దున బస్సుకు పోయి, సుత్తె ఉలి పట్టుకుని బండ పొరలు విడదీసి, సాయంత్రం తల నుంచి కాళ్ల దాకా తెల్లటి దుమ్ముతో దిగేవాడు. తీగల మీద మెత్తగా ఆడే వేళ్లు రెండేళ్లలో మొద్దుబారాయి. దగ్గు పట్టుకుంది. మా వీధిలో ఫ్యూజు పోతే ఎవరైనా అలవాటు కొద్దీ ఆయన్నే పిలిచేవారు. “నేను చెయ్యొద్దు, పర్మిట్ లేదు,” అనేవాడు. ఫ్యూజు కూడా వేయడా ఈయన అని నాకు ఆయన మీదా కోపం వచ్చేది. మా ఇంట్లో ఫ్యూజు నేనే వేసేదాన్ని.

కోపం మనిషిని పాడుచేస్తుందని అంటారు. నన్ను చదివించింది అదే. డిగ్రీ చదివాను, స్కాలర్‌షిప్ మీద హైదరాబాదులో ఎమ్మెస్సీలో చేరాను. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు వెనక పేజీలు తిప్పి అల్యూమినియం అనే మాట ఉందేమో వెతికేదాన్ని. చివరికి జవాబు ల్యాబులో దొరికింది, అదీ నేను పని చెడగొట్టడం వల్ల.

గాలి తీసేసిన గాజు గంటలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి, గాజుముక్క మీద పల్చటి పట్టీగా పట్టించాలి. కొన్ని నిమిషాలు గాలి తగలనిచ్చి, దాని మీద అడ్డంగా ఇంకో లోహం పట్టీ పట్టించాలి. రెండు పట్టీల మధ్య ఆక్సైడ్ పొర చిక్కుకుంటుంది. దాని గుండా పోయే కరెంటును కొలవాలి. నేను మొదటి పట్టీ వేసి, బస్సుకు ఆలస్యమవుతోందని దాన్ని అట్లాగే వదిలి, రెండోది మర్నాడు వేశాను. మీటరులో ముల్లు కదలలేదు.

“ఎంతసేపు గాలికి వదిలావు?” అని మా ల్యాబ్ మేడం అడిగింది.

“నిన్నటి నుంచి మేడం.”

“అదీ సంగతి. పొర మందమైపోయింది. ఇంక ఎలక్ట్రాన్లు దాటలేవు.”

“పల్చగా ఉంటే మాత్రం ఎట్లా దాటుతాయి మేడం? ఆక్సైడ్ కదా.”

ఆమె నన్ను కూర్చోమనలేదు. తానే స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. పొరను గోడ అనుకో అంది. ఆ గోడ ఎక్కి దూకేంత శక్తి ఎలక్ట్రాన్‌కు లేదు. రాయి అయితే గోడకు తగిలి వెనక్కి వచ్చేస్తుంది. ఎలక్ట్రాన్ రాయి కాదు. ఒక్కచోట కుదురుగా ఉండే వస్తువే కాదు, అలలా పరుచుకుని ఉంటుంది. అల గోడ దగ్గరికి వచ్చి ఠక్కున ఆగిపోదు. గోడలోకి కొంత చొరబడి, చొరబడిన కొద్దీ సన్నబడుతుంది. గోడ మందంగా ఉంటే లోపలే ఆరిపోతుంది. పది అణువులు పేర్చినంత పల్చటి గోడ అయితే, ఆరిపోకముందే గోడ అయిపోతుంది. అల కొస అవతల కాస్త మిగులుతుంది. అల మిగిలినచోట ఎలక్ట్రాన్ తేలవచ్చు. గోడ ఎక్కదు, గోడకు చిల్లు పెట్టదు. ఇవతల ఉండేది అవతల ఉంటుంది, అంతే. ఒక్కదానికి అది జరిగే అవకాశం తక్కువే. కానీ తీగలో లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లు వచ్చి గోడకు తగులుతూనే ఉంటాయి. దాటిన ఆ కొన్నే మనకు కరెంటు.

“దీన్ని టన్నెలింగ్ అంటారు,” అంది. “అసలు తమాషా మందంలో ఉంది. గోడ ఇంకొక్క అణువు మందం పెరిగితే చాలు, దాటేవి సుమారు పదో వంతుకు పడిపోతాయి. ఇంకో అణువు పెరిగితే అందులో మళ్లీ పదో వంతు. ఇప్పుడు కావాలనే ఇట్లాంటి గోడలు కట్టి పరికరాలు చేస్తున్నారు. రేపు పరికరాలు ఇంకా చిన్నవవుతాయి. అప్పుడు ఎలక్ట్రాన్లు వద్దన్నచోట కూడా గోడలు దాటి కారిపోతాయి. వాటిని ఆపడానికి వీళ్లు పడే తిప్పలు చూడాలి.”

టన్నెల్ అంటే సొరంగం. ఎవరూ ఏమీ తవ్వలేదు కదా, సొరంగం ఏమిటని ఇప్పటికీ ఆ మాట నాకు నచ్చదు. కానీ ఆ రోజు నా చెవుల్లో మా నాయన గొంతు వినబడింది. గాలి తగలొద్దు, ఊపిరి పట్టు. పొర పెరగకముందే వాజెలిన్‌తో మూసేస్తే అది ఎలక్ట్రాన్లు దాటేంత పల్చగా ఉండిపోతుంది. గాలికి, తేమకు వదిలితే మందమవుతుంది. మందమైతే జాయింటు వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా చెడుతుంది. ఇంత సూక్ష్మమైన సంగతిని పెద్దగా చదువుకోని మనిషి చాకుతో, వేలితో ఇన్నేళ్లు చేసి చూపించాడు. ఆయన్ని పట్టుకుని ఒక గుమాస్తా బుద్ధి ఇన్‌స్పెక్టరు సిద్ధాంతం తెలియదని రాశాడు! ఆ ఇన్‌స్పెక్టరుకు మాత్రం తెలుసా? తెలిసినవాడైతే అట్లా అడుగుతాడా? ల్యాబులోంచి బయటికి వచ్చి వరండాలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాను, చాలాసేపు.

ఎనభైలు మొదలయ్యాక నాకు ఉద్యోగం వచ్చింది, అదీ వికారాబాదులో నేను చదివిన కాలేజీలోనే. ఆ లెక్చరరు ఇంకా అక్కడే ఉన్నాడు, రిటైరవడానికి దగ్గర్లో. మొదటి వారంలోనే స్టాఫ్‌రూములో ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, అడగకుండానే మొత్తం చెప్పాను. పొర, గోడ, అల, అన్నీ. చివర్లో, “ఈ ప్రశ్న అడిగిన పిల్లను మీరు కూర్చోబెట్టారు సార్,” అన్నాను. నా గొంతు బయట వరండాలోకి వినబడుతోందని తెలుసు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నాకు తెలియదమ్మా అప్పుడు,” అన్నాడు. “తెలియదని చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే కసిరాను.”

కొట్టడానికి ఎత్తిన చేయి గాలిలో ఉండిపోయినట్టయింది నాకు. అదే మాట మా నాయన ఎండలో నిలబడి, పర్మిట్ పోతుందని తెలిసీ, తల ఎత్తి చెప్పాడు. ఈయన ఫ్యాను కింద నిలబడి చెప్పలేకపోయాడు. కోపం తగ్గకపోగా ఇంకో మెట్టు ఎక్కింది.

ఆ కోపంతోనే అర్జీ రాశాను. నాయన పర్మిట్ తిరిగి ఇవ్వాలని నాలుగు పేజీలు. సిద్ధాంతం మొత్తం రాశాను. వెచ్చబడిందని చెప్పినా లైను ఆపనివ్వలేదని రాశాను. అన్నిటికీ కీలకమైన వాక్యం కింద గీత గీశాను. “తీగలను గీకిన మరుక్షణమే, గాలి తగలకుండా వాజెలిన్ పూసి మెలిపెట్టాను.” సెలవు రోజు మధ్యాహ్నం తాండూరు పోయి, గడపలో కూర్చున్న నాయనకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. అమ్మ బియ్యం ఏరుతూ వింటోంది. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాను.

“పెట్ట,” అన్నాడు నాయన.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. “ఎందుకు పెట్టవు?”

“ఇప్పుడెందుకు బిడ్డా గదంత. చేతులు గూడ మొద్దువడ్డయి.”

“చేతుల సంగతి కాదు. నీ మీద వాళ్లు రాసింది అబద్ధం. నీ పేరు మీద ఆ మచ్చ ఎందుకుండాలె? ఏమీ తప్పు చేయకుండా బండలు కొట్టుకుంట కూసున్నవ్, ఇప్పుడు నేను నిలబడి అడుగుతనంటె సంతకం పెట్టవా? ఇంత పిరికితనమేంది నాయినా?”

అంత మాట అన్నాను. ఆయన నా మొహం వైపు చూడలేదు. కాగితం మీద నేను గీత గీసిన వాక్యాన్ని వేలితో చూపించాడు. “గిది నిజం గాదు,” అన్నాడు.

“ఏది నిజం కాదు?”

అమ్మ చేట కింద పెట్టింది. “ఎంత చదివితె ఏం లాభమే నీకు,” అంది. “ఆ తీగలు గీకింది నువ్వు గాదా? ఐతారం నాడు గీ గడపలనె కూసోని గీకితివి. నేను వద్దంటె ఇనకపోతివి.”

ఆ ఆదివారం అప్పుడు గుర్తొచ్చింది. తుంపర, పన్నెండు కొసలు, కోసుకున్న వేలు. ఒక మధ్యాహ్నం మొదలుకుని మర్నాటి దాకా, వానాకాలం గాలిలో, సంచీ మీద పరిచిపెట్టిన తీగలు. ల్యాబులో పట్టీని రాత్రంతా గాలికి వదిలి ముల్లు కదలకపోతే వెర్రిమొహం వేసుకున్నదాన్ని, అదే పని అంతకు ముందు మా ఇంటి గడపలో చేశానని ఒక్కనాడూ తట్టలేదు. ఆ ముగ్గురి మీద కోపం పెట్టుకున్నానే, ఆ కోపానికి అడ్డమొచ్చే జ్ఞాపకాన్ని నా బుర్ర దగ్గరికి రానిచ్చినట్టు లేదు.

“నీకు తెలుసు,” అన్నాను నాయనతో. “పొద్దున చూసినప్పుడే నీకు తెలుసు.”

“తెలుసు.”

“మరి మళ్ల ఎందుకు గీకలేదు?” అరిచాను. పక్కింటివాళ్లు తలుపు తీసి చూశారు. “నీకు తెలుసు గదా గాలి తగలొద్దని! నాకు చెప్పిందే నువ్వు! ఒక్కసారి చాకు ఆనిస్తె పోయేది గదా. ఎందుకు గీకలేదు?”

నాయనకు దగ్గు వచ్చింది. అది ఆగేదాకా ఉండి చెప్పాడు. “చాకు తీసిన బిడ్డా. ఒక కొసకు ఆనిచ్చిన గూడ. నువ్వు గంత సాఫ్ గీకితివి. వేలు గూడ కోసుకుంటివి. నాయినకు సగం పని తప్పిందని ఉరుక్కుంట బండికి వోతివి. మల్ల గీకబుద్ధి గాలె. వాజెలిన్ జర ఎక్కువ పూస్తె సరిపోతదనుకున్న.”

ఇన్నేళ్లూ ఆయన్ని ఎండలో నిలబెట్టింది ఎవరో వెతుకుతూ ఊళ్లు తిరిగాను. సేటు అబద్ధం అబద్ధమే, ఇన్‌స్పెక్టరు పొగరు పొగరే, వాళ్లను నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ చాకు ఆనించి వెనక్కి తీసిన ఆ చేతి మీద ఏ కోపం పెట్టుకోవాలి? అయినా కోపమే వచ్చింది, ఆయన మీదే. ఇంత ముద్దు చేయమని నిన్నెవరు అడిగారని అరవాలనిపించింది. అర్జీని నాలుగు మడతలు చేసి చించబోయాను.

“చించకు,” అన్నాడు. “దాని ఎన్కపక్క ఖాళీ ఉంది గద. గా ఇన్‌స్పెక్టరు అడిగిండు సూడు, గోడ ఉన్నంక కరెంటెట్ల వోతదని. నువ్వు సదివినదాంట్ల గది నాకు సరిగ సమజ్ గాలె. జర బొమ్మ గీసి చెప్పు.”

పర్మిట్ పోయినందుకు కాదు, జవాబు చెప్పలేకపోయినందుకు ఆయన ఇన్నేళ్లూ నలిగాడని నాకు అప్పుడు తెలిసింది. అర్జీ వెనకపక్క గోడ గీశాను. గోడకు ఇవతల పెద్ద అల, గోడలో సన్నబడే అల, అవతల మిగిలిన కొస. ఏడుస్తూ, విసుక్కుంటూ, పెన్ను కాగితంలోకి దిగేలా గీస్తూ చెప్పాను. ఆయన మోకాళ్ల మీదికి వంగి, చిన్నపిల్లాడిలా కాక పనివాడిలా చూశాడు. ఒకచోట ఆపి, గోడ మందం పెరిగితే ఏమవుతుందని అడిగాడు. చెప్పాను. తల ఊపాడు.

“గీకినంక ఎంతసేపట్ల వస్తది మల్ల పొర?” అన్నాడు.

అది నా ప్రశ్న. క్లాసంతా నవ్విన ప్రశ్న. పెన్ను పక్కన పెట్టాను.

“ఎంతోసేపు పట్టదు నాయినా. ఒక్కసారి ఊపిరి తీసుకునేలోపట్నే వచ్చేస్తది. గాలి తగిలినకొద్ది పెరుగుతది.”

ఆయన కాగితాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని గోడను, అలను ఇంకోసారి చూశాడు. “ఊపిరి వట్టుమంటుంటి నిన్ను,” అన్నాడు. “బుగ్గలు ఇంతింత జేసుకోని నిలవడుతుంటివి. యాదికున్నదా?”

“ఉంది నాయినా,” అన్నాను.